దిగదు అంటే దిగులు అనుకున్నాను

మీ ఇంట్లో ఎవరైనా మత్తు తీసుకుని ఆపరేషన్ చేయించుకుని వచ్చాక, వాళ్ళు మంచినీళ్ళు తాగుతుంటే మీరు ఎదురుగా నిలబడి చూశారా? గ్లాసు చేతికిచ్చి పక్కకు తిరిగిపోవడం గురించి కాదు నేనడిగేది. గుటక ఎలా పడింది, పడ్డాక మాట ఎలా వచ్చింది, నాలుక తిన్నగా ఉందా, ఒక పక్కకు పోయిందా, ఇవన్నీ చూశారా? చూశామని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినవారు ఈ కాగితం పక్కన పెట్టేయవచ్చు. చెప్పలేనివారు చివరిదాకా చదవండి. నేను చెప్పలేనివాణ్ణి. అందుకే రాస్తున్నాను.

మూడు వారాల క్రితం ఒక మంగళవారం, పొద్దుటి ప్రార్థనకు చాప పరుస్తుండగా ఫోను మోగింది. అవతల అత్త.

"అల్లుడూ, మీ మావ ఎల్లిపోనాడు," అంది. ఏడవడం లేదు. "బేగి రా. నోరు తెరుసుకునే ఉండిపోనాది. మూద్దామంటే నాకు సెయ్యాడ్డం లేదు."

నెల్లిమర్ల నుంచి విజయనగరం ఆసుపత్రికి ఆటోలో ఎంతో సేపు పట్టదు. ఆ దారంతా నేను ప్రార్థించలేదు. ఇరవై ఏళ్ళుగా మైకు పట్టుకుని ఊరూరా వాక్యం చెబుతున్న నోరు ఇది. ఆ ఆటోలో ఒక్క మాట పుట్టలేదు. వెళ్ళి, ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి, నోరు నేనే మూశాను. గడ్డం ఇంకా వెచ్చగానే ఉంది.

మా మేస్త్రీ మావ నాకు చుట్టం కాడు. ఆయన రామకోవెలకు వెళ్ళే మనిషి, నేను ప్రార్థన మందిరానికి వెళ్ళేవాణ్ణి. జూట్ మిల్లు పక్కన ఒకే వీధి, ఎదురెదురు గుమ్మాలు. మా వీధిలో పిలుపులోనే చుట్టరికం ఉంటుంది కనుక ఆయన మావ, ఆయన భార్య అత్త, నేను అల్లుణ్ణి. మిల్లులో మగ్గాల షెడ్డుకు ఆయన మేస్త్రీ. పనిలో చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చదువు లేదు. వేలిముద్ర వేసి చేరాను.

మగ్గాల షెడ్డులో ఎప్పుడూ అడుగుపెట్టని వారికి ఆ చప్పుడు చెప్పలేను. వందల మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. మొదటి రోజు మావ నాతో ఏదో అంటున్నాడు, నేను "ఆఁ? ఆఁ?" అంటూ చెవి దగ్గర పెడుతున్నాను. ఆయన నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకున్నాడు. షిఫ్టు అయ్యి బయటికి వచ్చాక అన్నాడు: "సెవితోటి కాదురా, కంటితోటి ఇను."

అక్కడ అందరూ మాట్లాడుకునేది అలాగే. గొంతు విప్పరు. పెదాలూ నాలుకా కదుపుతారు, అంతే. మేము దాన్ని మూతి మాట అనేవాళ్ళం. ఎనిమిది మగ్గాల అవతల నుంచి జోకు వేస్తే ఇవతలివాడు పగలబడి నవ్వేవాడు. మావ మూతి మాట ఎంత శుభ్రంగా ఉండేదంటే, కొత్తవాళ్ళను ముందు ఆయన ఎదురుగా నిలబెట్టేవారు. నాకు ఆర్నెల్లు పట్టింది. ఆ ఆర్నెల్లలోనే, మగ్గం చట్రం మీద పేరుకున్న నార ధూళిలో వేలితో గీసి, నాకు అక్షరాలు కూడా నేర్పాడు. తుడిచేస్తే మళ్ళీ ధూళి పడేది, మళ్ళీ రాసేవాడు. గుణింతాల దాకా ఆయనే. అక్కడి నుంచి పరిశుద్ధ గ్రంథం పెట్టుకుని నాకు నేనే కూడబలుక్కున్నాను. ఈ రోజు నేను ఏ వచనం విప్పినా దాని అడుగున ఆయన వేలు ఉంది. ఆ మాట ఆయన బతికుండగా ఏ సభలోనూ చెప్పలేదు. ఆయన మా మందిరం మనిషి కాడనే కారణంతో చెప్పలేదు. నా అల్పత్వం అది, దాచను.

మిల్లు ఒకసారి తెరిచి ఒకసారి మూస్తున్న రోజుల్లో మేమిద్దరం బయటికి వచ్చేశాం. నేను పూర్తిగా వాక్యంలోకి వచ్చాను. ఆయన గేటు ఎదుట టీ కొట్టు బల్ల మీదకు వచ్చాడు. పొద్దున్నే స్టీలు గ్లాసులో టీ, తువ్వాలుతో పట్టుకుని, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగేవాడు. టీ అయినా నీళ్ళయినా అంతే. జీవితంలో గ్లాసుకు మూతి ఆనించి తాగలేదు. తల వెనక్కి వాల్చి, సన్నని ధార, ఒక్క చుక్క బయట పడకుండా. పిల్లలు చుట్టూ చేరి చూసేవారు.

నేను కనబడగానే మొదలుపెట్టేవాడు.

"ఒరే బోదకుడా, నిన్న గంట్యాడ కాడ నీ మైకు ఇక్కడికి ఇనబడ్డాదిరా. మీ దేవుడికేటి, సెవుడా? మన షెడ్డులో పన్జేసినాడేటి?"

"దేవుడికి కాదు మావా, నీకు. నువ్వు ఇంటావని అరుస్తన్నాను."

"నాకు సెవుడు లేదు. నీకే ఉన్నాది. నాను మాటాడుతుంటే నువ్వెప్పుడైనా నా మొగం సూసినావేటి? ఆ పుస్తకం పేజీలు తిప్పుతుంటావు. నాను సెప్పిందానికి అందులో జవాబెక్కడుందో ఎతుకుతుంటావు."

టీ కొట్టంతా నవ్వేది. నేను కూడా నవ్వేవాణ్ణి. అది తమాషాకి అన్నాడనుకున్నాను. ఆ మాటకు ఇప్పుడు నాకు భయం వేస్తోంది.

రెండు నెలల క్రితం, రైలు గేటు దగ్గర సైకిలు మీంచి పడి కుడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. విజయనగరంలో చేర్చాం. ప్లేటు వేయాలన్నారు. పూర్తి మత్తు ఇచ్చి, గొంతులోకి గొట్టం దింపి, ఊపిరి ఆ గొట్టం ద్వారా ఆడిస్తూ చేసే ఆపరేషన్. వాళ్ళకు పిల్లలు లేరు. సంతకం అత్తది, పక్కన నిలబడ్డది నేను. ఆపరేషన్ బాగా జరిగింది. చెయ్యి బాగుపడింది. చివరి రోజుల్లో కూడా, పట్టీలోనే అయినా, ఆ చెయ్యి బాగానే ఉంది.

ఇంటికి పంపే రోజు డాక్టరు నాతో చెప్పాడు. మాటకు మాట గుర్తుంది నాకు. "గొట్టం వేశాం కనుక నాలుగు రోజులు గొంతు బొంగురుగా ఉంటుంది. తగ్గకపోయినా, మింగడంలో ఏ ఇబ్బంది ఉన్నా వెంటనే తీసుకురండి." ఇందులో మొదటి సగం నేను విన్నాను. రెండో సగం వినబడింది, అంతే. డాక్టరు తప్పు లేదు. ఆ వాక్యం నా చేతికి ఇచ్చాడు. వాక్యాలు మోయడమే పనిగా ఉన్నవాణ్ణి, దాన్ని ఆసుపత్రి మెట్ల మీదే దింపేశాను.

బొంగురు నాలుగు రోజులకు తగ్గలేదు. పది రోజులకు గొంతు అసలు లేకుండా పోయింది. గాలి మాత్రం వచ్చేది, తడి గుడ్డ దులిపినట్టు. ఇంకో వీధిలో అయితే జనం అదిరిపోయి ఆసుపత్రికి పరిగెత్తేవారు. మా వీధిలో ఎవరూ అదరలేదు. ఎందుకో తెలుసా? మాకు గొంతుతో పని లేదు! సగం మంది మిల్లువాళ్ళం. మావ పెదాలు కదిపితే చాలు, మాకు తెలిసిపోతుందనుకున్నాం. "గొంతు పోతే పోనాది, మూతి మాటుంది కదేటి" అని టీ కొట్టులో నవ్వుకున్నాం కూడా. లోకంలో ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. మాకు వచ్చిన విద్యే మా కళ్ళు కప్పింది.

నీళ్ళు తాగితే పొలమారేది. అన్నం తిన్నా పొలమారేది. అత్త లేచి వచ్చి ఆయన మాడు మీద అరచేత్తో తట్టేది.

"ఎవరో తలుసుకుంటన్నారు. ఎవరది, సీపురుపల్లి మరదలేటి?" అనేది.

ఆయన దగ్గి దగ్గి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని నవ్వేవాడు. మొదట్లో నవ్వేవాడు. పొలమారితే ఎక్కడో ఎవరో మనల్ని తలుచుకుంటున్నట్టని మనందరికీ చిన్నప్పటి నుంచీ నేర్పారు. రోజుకు ఒకసారి తలుచుకునేవారు, తరువాత అయిదుసార్లు, తరువాత ప్రతి ముద్దకీ, ప్రతి గుటకకీ తలుచుకున్నారు. అంతగా మనిషిని తలుచుకునేవాళ్ళు ఎవరున్నారని మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఆయన తల వెనక్కి వాల్చి, ధారగా పోసుకుంటూనే ఉన్నాడు. మేము మాడు మీద తడుతూనే ఉన్నాం.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది రాయడానికి చెయ్యి ముందుకు సాగడం లేదు.

ఆయన గొంతు పోయిందని తెలిసిన రోజున, లోపల ఒక మూల, నేను సంతోషించాను. ఇరవై ఏళ్ళుగా నేను ఏ వచనం ఎత్తినా ఎగతాళి చేసిన నోరు అది. ఇప్పుడు ఎదురు చెప్పలేదు. దేవుడే ఆ నోరు ఆపి నాకు వాకిలి తెరిచాడనుకున్నాను. రోజూ ఉదయం గ్రంథం చంకలో పెట్టుకుని ఎదురు గుమ్మానికి వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని గంటసేపు చదివేవాణ్ణి, చెప్పేవాణ్ణి, కేక వేసేవాణ్ణి. ఆయన మౌనంగా చూసేవాడు. నా ప్రసంగం పని చేస్తోందనుకున్నాను.

ఒకరోజు ఆయన నా మోకాలు పట్టుకుని కుదిపాడు. పెదాలు కదిపాడు. నేను పేజీలోంచి తలెత్తి చూశాను. మొదటి అక్షరం దంతాల దగ్గర, తరువాత గొంతు దగ్గర, ఆఖరు అక్షరం సరిగ్గా కట్టలేదు. మళ్ళీ కదిపాడు.

"దిగులా మావా?" అన్నాను.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అదే మాట. రాసే కుడి చెయ్యి ఇంకా పట్టీలో ఉంది, ఎడమ చేత్తో గొంతు మీంచి గుండె దాకా గీత గీసి చూపించాడు. గుండెలో దిగులని చూపిస్తున్నాడనుకున్నాను. తల ఊపడం కూడా దిగులే అనుకున్నాను!

ఇంక నన్నెవరు ఆపగలరు? భయపడకు అనే మాట గ్రంథంలో ఎక్కడెక్కడ ఉందో చూడకుండా చెప్పగలను నేను. ఒక్కొక్కటీ విప్పి చదివాను. ఓదార్చాను. అత్త గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆయన మూతి బిగించి మొహం పక్కకు తిప్పేశాడు.

"తాగు మావా. తాగి నిబ్బరంగా ఉండు," అన్నాను.

"అల్లుడు సెప్తన్నాడు కదేటి, తాగు," అంది అత్త.

మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఆ చూపు ఇప్పుడు నన్ను వదలడం లేదు. కటకటాల లోపలి మనిషి, బయట తాళం చేతిలో పట్టుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళను చూస్తే అలా చూస్తాడేమో. తరువాత మా కోసం, కేవలం మా మొహమాటం కోసం, గ్లాసు ఎత్తి పోసుకున్నాడు. దగ్గు ఒక పట్టాన ఆగలేదు. మొహం నల్లబడింది. దగ్గు ఆగాక ఊపిరి తీస్తుంటే లోపల గరగరా నీళ్ళ చప్పుడు. ఆ చప్పుడు నేను విన్నాను. విని, ప్రార్థన చేసి, ఇంటికి వచ్చాను.

అలా ఎనిమిది రోజులు. ఎనిమిది రోజులూ ఆయన అదే మాట చెప్పాడు. ఎనిమిది రోజులూ నేను దిగులు పోగొట్టే వచనాలు చదివాను. సాయంత్రాలు జ్వరం రావడం మొదలైంది. మెడ ఎముకలు బయటపడ్డాయి.

తొమ్మిదో రోజున గజపతినగరం నుంచి ఒకాయన వచ్చాడు. ఒకప్పుడు మావ పక్క మగ్గం మీద పనిచేసినవాడు. షెడ్డు చప్పుడుకు రెండు చెవులూ పూర్తిగా పోయాయి. లోకంతో ఆయనకున్న సంబంధమంతా మూతి మాటతోనే. వస్తూనే మంచం అంచున కూర్చుని, మావ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. మావ పెదాలు కదిపాడు. చెవిటాయన మొహం మారిపోయింది.

"నోరు తెరు," అన్నాడు. "నాలిక సాపు."

మావ నాలుక చాపాడు. అది తిన్నగా రాలేదు. కుడి పక్కకు ఒరిగిపోయి, పెదవి మూలను తాకింది. కుడి సగం ముడతలు పడి ఉంది.

చెవిటాయన నా వైపు తిరిగాడు. చెవుడున్నవాళ్ళు మాట్లాడేటంత గట్టిగా, వీధి చివర దాకా వినబడేలా అడిగాడు: "ఇన్నాళ్ళూ ఈడేటంటన్నాడనుకున్నావురా నువ్వు?"

"దిగులు అంటన్నాడు," అన్నాను.

"దిగులు కాదురా దరిద్రుడా! దిగదు! దిగదు అంటన్నాడు! ముద్ద దిగదు, నీళ్ళు దిగవు అని మొత్తుకుంటన్నాడు. నాలిక పడిపోతే అచ్చరం ఎలగ కడతాడు? నువ్వు ఆడి నోరు సూడ్లేదు. నీ పుస్తకం సూసినావు."

నా చేతిలో గ్రంథం ఉంది. నా వేలు ఇంకా ఆ రోజు పేజీలోనే ఉంది. మావ వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కోపం కాదు. ఎవరో ఒకరికి ఇన్నాళ్ళకు అర్థమైంది కదా అని, పెద్ద బరువు దింపుకున్నవాడిలా మూసుకున్నాడు.

గంటలో ఆసుపత్రిలో ఉన్నాం. చెవీ ముక్కూ గొంతూ చూసే డాక్టరమ్మ సన్నని గొట్టం లోపలికి పంపి చూసింది. నాతో విడమరిచి చెప్పింది. నాలుకను కదిపే నరమూ, గొంతులో మాట పలికించే నరమూ మెడలో ఒకచోట దగ్గర దగ్గరగా వెళతాయట. ఊపిరి గొట్టం ఒత్తిడి వల్లనో, ఆపరేషన్‌లో మెడ చాలాసేపు ఒక పక్కకు ఉండటం వల్లనో, ఎక్కడో ఒకరికి ఆ రెండూ కలిసి నలిగిపోతాయట. ఎవరి నిర్లక్ష్యమూ లేకుండానే జరగవచ్చునట. "తెగలేదు, నలిగాయి. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తాయి," అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే భయం లేదు కదమ్మా?"

"నరాల గురించి భయం లేదండీ. ఇన్ని రోజులూ ఈయన తాగిన నీళ్ళు ఎక్కడికి వెళ్ళాయో, దాని గురించి భయం."

ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయి. ముద్ద ముద్దా, గుటక గుటకా. ఎవరో తలుచుకుంటున్నారని మేము మాడు మీద తట్టిన ప్రతిసారీ. ముందే తీసుకొచ్చి ఉంటే ముక్కు ద్వారా సన్నని గొట్టంతో ఆహారం ఇచ్చేవారట. మింగడం మళ్ళీ నేర్పేవారు ఉన్నారట. మనిషిని బట్టి, తల వాల్చకుండా, గడ్డం కిందికి దించి మింగమని చెప్పేవారట. మావ జీవితమంతా గర్వంగా చేసిన పనికి సరిగ్గా తలకిందులు.

పదకొండు రోజులు పెట్టారు ఆసుపత్రిలో. ముక్కులో గొట్టం, మొహానికి ఆక్సిజన్. నేను గ్రంథం సంచిలో పెట్టేసి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆ పదకొండు రోజులూ ఆయన మొహం తప్ప ఏమీ చూడలేదు. ఏడో రోజున ఆయనకు కొంచెం తేటగా ఉంది. నర్సమ్మ ఒక్క నిమిషం మాస్కు పక్కకు జరిపినప్పుడు పెదాలు కదిపాడు. నేను వంగి, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పుకున్నాను, ఆయన నాకు నేర్పినట్టే.

"దిగదా మావా? ఏటి దిగదు?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. మెల్లగా, ఒక్కొక్క అక్షరమే కట్టుకుంటూ చెప్పాడు. ఈసారి అది దిగులు. నిజంగా దిగులే.

ఎనిమిది రోజులు వరదలా పారిన నా దగ్గర ఆ రోజు ఒక్క వచనమూ లేదు. అన్నీ ఖర్చు చేసేశాను, అవసరం లేనప్పుడు. ఆయన పాదాలు చల్లగా ఉన్నాయి. వాటిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. రాత్రుళ్ళు అత్త ఉండేది, నేను ఇంటికి వచ్చేవాణ్ణి. నాలుగు రోజుల తరువాత, మంగళవారం పొద్దున్నే, అత్త ఫోను.

దినాలు అయ్యాయి. అక్కడ వచ్చినవాళ్ళ మధ్య ఇంకొక భయం పాకడం మొదలైంది. నెమ్మదిగా, నేల మీద నీళ్ళు పాకినట్టు. "మత్తు ఇస్తే గొంతు పోతాదట." "గొట్టం దింపితే మనిషి ఇంటికి రాడట." "పాపం, భుజానికని ఎల్లి పేణం ఒగ్గేసినాడు." మావ చావు నా కళ్ళ ఎదుటే ఇంకొక అబద్ధంగా మారిపోతోంది. అది ఎక్కడికి వచ్చి ఆగిందో తెలుసా? అత్త దగ్గర.

అత్తకు పిత్తాశయంలో రాళ్ళు ఉన్నాయని అంతకు ముందే తేలింది. వాపు వచ్చిందనీ, ఇంక ఆలస్యం చేస్తే లోపల పగిలి ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టర్లు చెప్పారు. ఆ ఆపరేషన్ కూడా మత్తుతోనే, గొట్టంతోనే.

"నాను ఎల్లను," అంది అత్త. "ఆ గొట్టం నా పీకలో దింపనివ్వను. సస్తే నొప్పితోటే సస్తాను. నోరు పడిపోయి, నీలాటి ఎదవల ముందు మూగిసైగలు సేస్తా సావను."

నేను బతిమాలాను. కోప్పడ్డాను. గ్రంథం తీయబోయాను. ఆమె నా చేతి మీద ఒక్కటి వేసింది. "అది ముయ్యి! నీ మావకి అదే సదివినావు."

అప్పుడు నా బతుకులో మొదటిసారి, ఒక మనిషికి భయపడకు అని చెప్పలేదు. "భయపడు అత్తా," అన్నాను. "నాకూ భయమే. కానీ మావని గొట్టం చంపలేదు. గొట్టం నరాన్ని నలిపింది. చంపింది మేము ఊరుకున్న రోజులు. భయపడాల్సింది ఆ ఊరుకోడానికి."

ఆమె లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. రెండు రోజులు ఆ తలుపు నాకు తెరవలేదు.

ఈ రోజు తెల్లవారాక నొప్పి మెలిపెట్టింది. పసుపు నీళ్ళు కక్కుకుంది. నేను వెళ్ళేసరికి చీర మార్చుకుని, సంచి సర్దుకుని, గడప మీద కూర్చుని ఉంది. ఆటో పిలిచాను. ఎక్కబోతూ ఆగింది.

"ఇలగ రా. పెసంగం ఏటీ ఒద్దు. నా నోరు సూడు."

నాలుక బయటికి చాపింది. తిన్నగా ఉంది. పళ్ళు రెండు వైపులా సమంగా చూపించింది. తన పేరు, తన తండ్రి పేరు, పుట్టిన ఊరు గట్టిగా చెప్పింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆమె పట్టించుకోలేదు.

"ఇదీ నా గొంతు. ఇదీ నా నాలిక. ఇయ్యాల ఎలగున్నాయో గుర్తెట్టుకో. రేపు ఇలగ లేకపోతే అక్కడే, ఆ డాట్రమ్మ కాళ్ళు పట్టుకుని అడుగు. ఇంటికి తీసుకురామాక."

"అలాగే అత్తా."

"మరిసిపోతే నీ నాలిక నానే పీకుతాను."

లోపలికి తీసుకెళ్ళే ముందు మత్తు డాక్టరుకు మావ సంగతంతా చెప్పాను. భయపడుతూనే చెప్పాను, విసుక్కుంటాడేమోనని. విసుక్కోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాడు, రాసుకున్నాడు. అత్త లేచాక గొంతు డాక్టరమ్మ కూడా వచ్చి చూస్తుందన్నాడు. అడిగితే చెబుతారు, సోదరులారా. మనం అడగం.

ఇది రాస్తున్నది ఆపరేషన్ గది బయటి బెంచీ మీద. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ తలుపు వెనక, ఈ క్షణంలో, ఆ గొట్టం ఆమె గొంతులో ఉంది. అక్షరాలు వంకర పోతున్నాయి, అచ్చు వేసేవారు సరిచేసుకోండి. ఆమె లేచాక ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒక్కటే తెలుసు. కళ్ళు తెరిచే సమయానికి నేను ఆమె నోటి ఎదుట ఉంటాను.

మరి మీరు? మీ ఇంట్లో, మీ పక్కింట్లో, ఈ నెలలో మత్తు తీసుకుని లేచినవారు ఎవరున్నారు? చదవడం ఆపండి. వాళ్ళ గుమ్మానికి వెళ్ళండి. పలకరించి, జవాబు చెవులతో కాదు, కళ్ళు పెట్టి చూడండి. నాలుక చాపమనండి. గొంతు మారిందా? నాలుక ఒక పక్కకు పోతోందా? గుటక గుటకకీ దగ్గు వస్తోందా? వస్తుంటే మాడు మీద తట్టకండి, ఇంకొక గ్లాసు పొయ్యకండి, నోటికి ఏమీ పెట్టకండి, నాలాగ ఓదార్చకండి. రేపు మంచి రోజని ఆగకండి, ఆదివారం ప్రార్థన అయ్యాక అని ఆగకండి. ఆటో పిలవండి. పొద్దు ఇంకా ఉంది. ఇవాళే, ఇప్పుడే, ఆ మనిషిని ఎక్కించుకుని బయలుదేరండి.